బద్వేలు మీద తేలిన పళ్లెం

మొన్న పొద్దున రాజంపేట నుంచి మా మేనకోడలు ఫోనుకు ఒక ఫోటో పంపింది. కొండకు ఎగువన, అంచు చుట్టూ దీపాలు వెలుగుతున్న పళ్లెం లాంటిదొకటి గాలిలో తేలుతోంది. "మామా, పేపర్లో ఇన్నేండ్లు పన్జేసినావు కదా, ఇది నిజమా కాదా చెప్పు" అని కింద రాసింది. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తుంటే నాకు వాళ్ల నాన్న, అంటే మా బావ, గుర్తుకొచ్చాడు.

అప్పట్లో నేను కడపలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. ఎగిరే పళ్లేల గురించి ఎక్కడో ఒక వార్త వచ్చిందంటే చాలు, ఆ వారమంతా మా బల్ల మీదికి అలాంటి ఫోటోలే వచ్చేవి. బస్సు అద్దంలో పడిన ట్యూబులైటు ఒకరిది, పైకి విసిరిన సత్తు మూత ఇంకొకరిది. ప్రింటు పక్కనపెట్టి ముందు నెగటివ్ అడగడం, దానికి అటూ ఇటూ ఉన్న ఫ్రేములు చూడడం, మనుషుల మీద వెలుగు పడిన వైపు నుంచే ఆ వస్తువు మీదా పడిందా అని భూతద్దంతో వెతకడం మాకు అలవాటు.

ఒక ఎండాకాలం మా బావే వచ్చాడు. బద్వేలులో ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. వాళ్లమ్మను పొలం గట్టు మీద నిలబెట్టి తీసిన ఫోటోలో, కొండపైన, మెరిసే అంచుతో గుండ్రటి పళ్లెం పడింది. దాన్ని పెద్దది చేసి స్టూడియో ముందు వేలాడదీశాడట, పేపర్లో కూడా వస్తుందని ఊరందరికీ చెప్పేశాడట.

నెగటివ్‌ను కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుంటే, బిందె అడుగున ఉప్పు కట్టినట్టు, పైపైన నీళ్లచుక్క ఆరిన మరక ఒకటి కనబడింది. బావి ఎండిపోయి ఫిల్మును బోరు నీళ్లతో కడిగావా అని అడిగాను. ఆయన ముఖం మారింది.

"ఏమప్పా, నీళ్లచుక్కను సూసేకి ఊరంతా వచ్చినారంటావా?"

"కడిగి చూద్దాం బావా. అది నిజంగా ఆకాశంలో ఉండింటే యాడికీ పోదు."

"పోతే? బద్వేల్లో నన్ను పళ్లెమాయన అంటారు. మీ యక్క బజార్లో తలెత్తుకోని తిరగాల్నా వద్దా?"

నెగటివ్ ఆయనది, వద్దంటే నేను చేయగలిగేది లేదు. కానీ నెగటివ్‌ను తానే ఇంకోసారి కిటికీకి పట్టి చూసి, లేచి మా డార్క్‌రూములోకి నడిచాడు. బ్యాటరీలకు పోసే ఉప్పు లేని నీళ్లలో, ఫిల్ము కడగడానికి వాడే యాసిడ్ ఒక చుక్క కలిపి, నెగటివ్ ముంచి, దూదితో బిడ్డకు ముఖం తుడిచినంత మెత్తగా తుడిచాడు. ఆరాక కొత్త ప్రింటు వేశాం. ట్రేలో బొమ్మ తేలుతుంటే ఆకాశం ఖాళీగా వచ్చింది. దాని కింద ఎండకు చెయ్యి అడ్డుపెట్టుకుని, కొడుకును చూసి నవ్వుతున్న మా అత్త వచ్చింది.

"మాయమ్మ ఇంత నవ్వుతాండాదే, నేను సూడనే లేదు గదప్పా" అన్నాడు బావ.

పేపర్లో ఏమీ రాలేదు. పళ్లెం ఫోటో దించి, ఆ చోటే వాళ్లమ్మ ఫోటో కట్టాడు. ఊరు ఆయన్ని పళ్లెమాయన అననే అన్నది. ఆయన మాత్రం కొన్నాళ్లు, వచ్చిన ప్రతివాళ్లనూ, మీ ఫోటోలో పళ్లెం కావాల్నా వద్దా అని అడిగి నవ్వించేవాడు.

మేనకోడలు పంపినదానికి నెగటివ్ లేదు, అటూ ఇటూ ఫ్రేములు లేవు. వెలుగు పడాల్సినట్టే పడింది, వెతికినా మరక లేదు. కడిగి చూద్దామంటే ఏ నీళ్లలో ముంచాలో తెలియని కాలం. నాకు తెలియదమ్మా, మీ నాయన తీసిన మీ జేజి ఫోటో మాత్రం నిజం, దాన్ని నా ముందే కడిగినారు అని రాశాను.

కాసేపటికి వాళ్లింటి గోడ మీది ఆ పాత ఫోటోను తీసి పంపింది. అత్త నవ్వుతోంది. ఆకాశంలో ఏమీ లేదు.