మోకాళ్ళ కింద తువ్వాల

మా ఎమ్మెల్యే మొదటిసారి ఎన్నికల్లో నిలబడినప్పుడు అతని తెల్ల కుర్తా కుట్టింది మా నాన్న. నామినేషన్ వేయడానికి జిల్లా కేంద్రం బీజాపూర్ వెళ్ళే రోజు పొద్దున్నే వచ్చి, ఆ కుర్తా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూనే "కాకా, ప్రార్థన చేసి పంపు" అన్నాడు. అతను మా విశ్వాసి కాడు. అప్పటికే వాళ్ళ ఊరి దేవతకు కోడిని కోశాడు, దారిలో ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టాడు, ఆ తర్వాతే మా దగ్గరికి వచ్చాడు. నాన్నకు ఆ సంగతి తెలుసు. దేవుడి ముందు మోకరించే మనిషిని ఎందుకొచ్చావని అడగడం మన పని కాదనేవాడు.

మాది భోపాలపట్నం దారిలోని ఊరు. నాన్న పెళ్ళయిన కొత్తలో గోదావరి అవతలి నుంచి కుట్టుమిషనుతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. సంతరోజు భోపాలపట్నంలో మిషను పెట్టేవాడు, ఆదివారం మా చిన్న సంఘానికి పెద్దగా ఉండేవాడు. పాస్టరుగారు చాలా ఊళ్ళు తిరగాలి కాబట్టి మాకు నెలకోసారి దొరికేవారు. మిగతా ఆదివారాలు వాక్యం, ప్రార్థన అన్నీ నాన్నవే. నేను ఆయన పక్కన కూర్చుని చదవడం నేర్చుకున్నాను, కుట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన కావాలనుకున్న మనిషి ముందుకొచ్చి, తన మనవి తన నోటితో అందరి ముందూ చెప్పి, మోకరించాలి. ప్రార్థన నడిపే మనిషి అతని తలమీద చెయ్యి పెడతాడు. ఒక్కొక్క మనవికీ సంఘం ఆమెన్ అంటుంది. చివరి ఆమెన్ నడిపే మనిషి నోటి నుంచి వచ్చేదాకా ఎవరూ లేవకూడదు, కళ్ళు తెరవకూడదు. ఒకసారి ప్రార్థన మధ్యలో ఒక కోడిపెట్ట ఎగిరొచ్చి మా ముసలమ్మ ఒకామె తలమీద కూర్చుంది. ఆమెన్ అయ్యేదాకా ఆమె కదల్లేదు, కోడీ కదల్లేదు. ఎమ్మెల్యే ఈ పద్ధతిని మొదటిరోజే ఒంటబట్టించుకున్నాడు. అతనికి ఏ గుళ్ళో ఎలా వంగాలో బాగా తెలుసు.

మా ప్రార్థన గది నేల మట్టిది. శనివారం సాయంత్రం పేడతో అలుకుతాం, ఆదివారానికి ఆరుతుంది. ఆ మొదటిరోజు అతను తెల్లబట్టల్లో మోకరించబోతుంటే నాన్న తన భుజమ్మీది తువ్వాల తీసి అతని మోకాళ్ళ కింద పరిచాడు. "ఊరూరు తిరిగేటోడివి, బట్టలు మాసిపోతయ్ బిడ్డా" అన్నాడు. అప్పటి నుంచి అతను వచ్చిన ప్రతిసారీ ఆ తువ్వాల పరవడం నాన్నకు అలవాటైపోయింది.

మొదటిసారి అతను ఓడిపోయాడు. రెండోసారి గెలిచాడు, ఆ తర్వాత మళ్ళీ గెలిచాడు. ఎన్నిక వచ్చినప్పుడల్లా వచ్చాడు, మోకరించాడు. అతని మనవి గెలుపు. లేచాక నాన్న మా మనవి చెప్పేవాడు: సమాధులకు కాస్త జాగా, కాగితం మీద. "అయిపోయిందనుకో కాకా. పట్టా నేనే తెచ్చి నీ చేతిల పెడ్త" అనేవాడు అతను.

ఆ జాగా గొడవ నాన్నకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మా అమ్మ చనిపోయినప్పుడు ఊరి చివర ఇప్పచెట్ల కింద పాతిపెట్టాం. ఆ రోజు ఊరి పెద్దలే పలుగులు పట్టి గొయ్యి తవ్వారు, తవ్వినవాళ్ళకు నేనే నీళ్ళందించాను. ఆమె పక్కన తన కోసం చోటు వదిలి నాన్న చుట్టూ రాళ్ళు పేర్చుకున్నాడు. ఆ తర్వాత కాలం మారింది. మీటింగులు జరిగాయి, బయటి నుంచి మనుషులు వచ్చి మాట్లాడి పోయారు. మతం మార్చుకున్నవాళ్ళ శవాలను ఊరి మట్టిలో పెట్టకూడదనే మాట చుట్టుపక్కల పాకింది. పలుగు పట్టిన మనుషులే మాతో మాట్లాడటం తగ్గించారు. అందుకే నాన్నకు కాగితం కావాలి.

కాగితం రాకుండానే నాన్న పోయాడు. పొద్దున మిషను మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ పక్కకు ఒరిగాడు. మధ్యాహ్నానికి ఊరిసభ కూర్చుంది. మా తమ్ముడు వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ నాయిన మంచోడే. మనిషి మీద మాకేం కోపం లేదు. మట్టి మాత్రం దేవతది" అన్నారు. అమ్మకు గొయ్యి తవ్విన పెద్దాయన నేల చూపులు చూస్తూ కూర్చున్నాడట. పోలీసులు వచ్చారు. సాయంత్రంలోగా తేల్చుకోమన్నారు.

నేను ఎమ్మెల్యేకు ఫోన్ చేశాను. అతని మనిషి ఎత్తి, "సాబ్ ప్రోగ్రామ్‌ల ఉన్నరు" అన్నాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. చివరికి అతనే మాట్లాడాడు.

"కాకా పోయిండని ఇన్న అక్కా. మస్తు బాధయింది."

"నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే ఇంటరు. మా అమ్మ పక్కన చోటుంది. ఆ రాళ్ళు నువ్వు చూసినవ్."

"చూసిన. కానీ ఊరోళ్ళ మాట నేనెట్ల దాటుత? జగదల్‌పూర్‌ల మంచి కబరస్థాన్ ఉంది. బండి నేనే పంపిస్త."

"బండి ఎవరు అడిగిండ్రు? నిన్ను రమ్మంటున్న."

"ఎలక్షన్ల ఏడాది అక్కా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాడు.

బండి మాత్రం వచ్చింది. జగదల్‌పూర్ దాకా ఆ దారంతా జవాన్ల క్యాంపులు. ప్రతి క్యాంపు దగ్గరా ఆపి, వెనక తలుపు తీయించి, పెట్టె చూపించమన్నారు. జవాన్లు వాళ్ళ డ్యూటీ వాళ్ళు చేశారు, ఒకరిద్దరు టోపీలు కూడా తీశారు. అయినా తలుపు తీసిన ప్రతిసారీ మా నాన్నను దొంగసొమ్మును చూసినట్టు చూడటం నేను చూశాను. జగదల్‌పూర్‌లో, ఆయనకు ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య, మాకు తెలియని పాస్టరు చేత, హిందీలో ప్రార్థన చేయించి పాతిపెట్టి వచ్చాం. తిరిగొచ్చాక తమ్ముడి ఫోన్లో ఒక ఫోటో కనిపించింది. మేము బండిలో ఉన్న ఆ సాయంత్రమే ఎమ్మెల్యే పక్క ఊళ్ళో కబడ్డీ పోటీల కప్పు అందిస్తున్నాడు. ఒంటిమీద నాన్న కుట్టిన కుర్తా ఉంది. ఆ కాలరు నాకు తెలుసు, దాని లోపలి కుట్టు వేసింది నేనే.

పాస్టరుగారు నెల తర్వాత వచ్చి, "క్షమించాలి చెల్లెమ్మా. శత్రువు కోసం ప్రార్థించమన్నాడు గదా ప్రభువు" అన్నారు.

"చేస్తానండీ. తప్పకుండా చేస్తాను" అన్నాను.

ఆయన నా మొహం చూసి, సంచి భుజాన వేసుకుని లేచారు. మా గ్రంథంలో ప్రేమించే మాటలతోపాటు శత్రువుల పళ్ళు ఊడగొట్టమని దేవుణ్ణి వేడుకున్న ప్రార్థనలూ ఉన్నాయి. నాన్న వాటిని ఎప్పుడూ దాటవేయలేదు, వంతు వచ్చినప్పుడు మిగతా వాటిలాగే నిదానంగా చదివేవాడు. పగ తీర్చుకోవడం మనిషి పని కాదని, దేవుడి పని అని నేనూ నేర్చుకున్నాను. ఆయన పనే అయినప్పుడు ఆయన్ను అడగడంలో తప్పేమిటో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఎన్నిక వచ్చింది. నాన్న పోయాక సంఘంలో ప్రార్థన నడిపేది నేనే. ఆదివారం ఎమ్మెల్యే వస్తున్నాడని అతని మనిషి కబురు పెట్టాడు. ఆ వారం నేను శనివారం సాయంత్రం అలకలేదు. ఆదివారం పొద్దున, జనం వచ్చే ముందు, ముందు భాగం మాత్రం మందంగా అలికాను. నీళ్ళు కాస్త ఎక్కువే కలిపాను.

అతను గన్‌మెన్‌ను తలుపు దగ్గర నిలబెట్టి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. గోడమీది నాన్న ఫోటోకు దండం పెట్టాడు. "కాకా లేని లోటు నాకు గూడ లోటే" అని అందరికీ వినపడేలా అన్నాడు. ఈసారి కూడా గెలవాలని మనవి చెప్పాడు. మోకరించబోతూ ఆగి, కిందికి చూసి, నా వైపు చూశాడు. తువ్వాల నా భుజమ్మీదే ఉంది. నేను కదల్లేదు. అందరూ చూస్తున్నారు. అతను తడి పేడలోనే మోకరించాడు.

అతని తలమీద చెయ్యి పెట్టాను.

"కృపగల తండ్రీ, నీ సన్నిధిలో మోకరించిన ఈ నీ కుమారుణ్ణి నీవు ఎరుగుదువు."

"ఆమెన్" అంది సంఘం.

"నీ దాసుడైన మా తండ్రి ఇతని తలమీద చెయ్యి ఉంచి వేడుకొన్న మనవులు నీవు ఆలకించితివి. ఇతనికి గద్దె ఇచ్చితివి."

"ఆమెన్."

"ప్రభువా, ఆ చెయ్యి ఇప్పుడు జగదల్‌పూర్‌ల ఉంది."

నా చేతికింద తల కదిలింది. నేను చెయ్యి కాస్త గట్టిగా ఆనించాను. అక్కడి నుంచి ప్రార్థన భాష నా నోట నిలవలేదు, ఇంట్లో మాట్లాడే మాటే వచ్చింది.

"నీకు దాచేదేముంది తండ్రీ. మా నాయిన పోయిననాడు ఇతనికి ఫోన్ చేసిన. ఎలక్షన్ల ఏడాది అన్నడు. ఇగో, వచ్చింది ఆ ఎలక్షను. మా నాయినను పెట్టెల పెట్టుకొని పోతుంటే క్యాంపు క్యాంపుకు తలుపు తీసి చూపించినం. ఆ యాళ్ళకు ఇతడు మా నాయిన కుట్టిన అంగి ఏసుకొని కప్పులు పంచిండు."

అతను తల వంచే గుసగుసగా, "చాలక్కా. మీటింగుంది" అన్నాడు.

"మీటింగుందంటుండు ప్రభువా. నువ్వు గూడ ఇను."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు లాంటిది వినిపించి ఆగిపోయింది. తలుపు దగ్గర అతని మనిషి, "అమ్మా, జర జల్దీ, టైమైతంది" అన్నాడు. కోడిపెట్టను తలమీద మోసిన ముసలమ్మ కళ్ళు తెరవకుండానే, "నోర్ముయ్ బిడ్డా, ప్రార్థన నడుస్తంది" అంది.

అతను లేవవచ్చు. ఎవరూ పట్టుకోలేదు. లేస్తే మాత్రం, ప్రార్థన మధ్యలో లేచిపోయిన మనిషిగా ఇక్కడి నుంచి గోదావరి ఒడ్డుదాకా ప్రతి సంఘంలోనూ మిగిలిపోతాడు. ఆ ఓట్ల కోసమే వచ్చాడు కాబట్టి లేవలేకపోయాడు.

"మా నాయిన మా అమ్మ పక్కకు రావాలె. ఆ జాగాకు కాగితం కావాలె. ఇతడు ఆ మాట ఇచ్చిండు, నువ్వు సాక్షివి. మాట నిలబెట్టకుంటే, ఇతడు ఓటుకు పోయిన ప్రతి ఇంటి తలుపు ఇతని మొహం మీద మూసుకపోవాలె. ఇతడు పోయిననాడు ఇతని పిల్లలు గూడ జాగా కోసం చేతులు కట్టుకొని నిలబడాలె."

ఆ మనవికి ఆమెన్ రాలేదు. నేను ఆగాను. ఆమెన్ రాకుండా ముందుకు పోవడం మా పద్ధతి కాదు, నాకు తొందరా లేదు. చివరికి ఆ ముసలమ్మే "ఆమెన్" అంది. ఆ తర్వాత తమ్ముడు, ఆ తర్వాత అందరూ అన్నారు.

"నీ కుమారుడు కూడ ఆమెన్ అనును గాక" అన్నాను.

ఆలస్యం చేశాడు. అన్నాడు. అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది.

అప్పుడు చివరి ఆమెన్ నేను అన్నాను.

అతను లేచాడు. తెల్ల పైజామా మీద రెండు మోకాళ్ళ దగ్గరా గుండ్రంగా, ఆకుపచ్చగా, తడిగా మరకలు. దులుపుకోబోయి ఇంకా పూసుకున్నాడు. మార్చుకోవడానికి వేరే బట్టలు బండిలో లేవట. అలాగే పక్క ఊరి సంతలో మీటింగుకు పోయాడు. అక్కడ ఇప్పపువ్వు అమ్మే ఆమె "ఏంది సాబ్, నాట్లేసి వస్తున్నవా?" అని అడిగిందని, జనమంతా మాటలు వదిలేసి మోకాళ్ళే చూశారని సాయంత్రానికి మా ఊరికి తెలిసింది. ఎందుకా మరకలో రాత్రికి అందరికీ తెలిసింది.

అతను ఓడిపోయాడు. పార్టీలో వెన్నుపోటు అన్నారు, రోడ్డు వేయించలేదని అన్నారు. నా ప్రార్థన వల్లే అని నేను ఎవరి ముందూ అనలేదు. అలాగే నమ్ముతాను. పాస్టరుగారు "సంతోషంగా ఉందా చెల్లెమ్మా?" అని అడిగారు, కాస్త బాధగానే. "ఉందండీ" అన్నాను. దేవుడి దగ్గర చెప్పిన సంగతి పాస్టరు దగ్గర దాచడం ఎందుకు?

కొత్త ఎమ్మెల్యే కూడా వచ్చాడు, కృతజ్ఞత అన్నాడు, జాగా అయిపోయినట్టే అన్నాడు. కాలేదు. నాన్న ఇంకా జగదల్‌పూర్‌లోనే ఉన్నాడు. నేను వెళ్ళినప్పుడు ఆ తువ్వాల పరుచుకుని ఆయన దగ్గర మోకరిస్తాను.

ఆమధ్య వర్షాలు వెలిసాక పాత ఎమ్మెల్యే మా ఇంటికి వచ్చాడు. గన్‌మెన్ లేడు, మోటారుసైకిలు మీద ఒక్కడే. చేతిలో తెల్లబట్ట ఉంది. నేను నాన్న మిషను మీద కుడుతున్నాను.

"టికెట్ మళ్ళ నాకే అంటుండ్రు అక్కా. కుర్తా కుట్టాలె. నా కొలతలు మీకు తెలిసినయే గదా."

"సన్నబడ్డవ్" అన్నాను. టేపు తీయలేదు.

"నామీద ఇంకా కోపమేనా?"

"మా నాయినను తెచ్చి మా అమ్మ పక్కన పెట్టు. ఊరిసభల నువ్వే నిలబడి అడుగు. గొయ్యి తవ్విననాడు నీ మోకాళ్ళకు మట్టయితది గదా, అప్పుడు కుడ్త. తువ్వాల గూడ పరుస్త."

"ఊరోళ్ళు ఒప్పుకోకుంటే?"

"ఎలక్షన్ల ఏడాది గదా. ఒప్పించు."

అతను గుమ్మంలో నుంచే ఇప్పచెట్ల వైపు ఒకసారి చూసి, బట్ట నా మిషను పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. తీసుకుపొమ్మని నేను అనలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. మడతల వెంట పసుపు రంగు పట్టడం మొదలైంది. కత్తెర దాని పక్కనే పెట్టుకుని నేను వేరేవాళ్ళ బట్టలు కుడుతున్నాను.