కొండ మీద నేను అనని మాట

దయ్యాలూ గియ్యాలూ అంటే ముందు నవ్వేది నేనే. గురజాల బజారులో మా నాన్న పెట్టిన కిరాణా కొట్టు నాది. తక్కెడలో పడని సరుకుని సరుకే కాదనుకునే మనిషిని. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలిపిస్తే, ఆయనకి నిమ్మకాయలు అమ్మేది నేనే, ఆ తర్వాత వెనక చేరి వేళాకోళం చేసేదీ నేనే. అలాంటివాణ్ణి ఈ సంగతి చెప్పబోతుంటే మా ఆవిడ వింతగా చూస్తోంది. చూడనివ్వండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అమ్మకి నాకు ముందు పుట్టిన పిల్లలు నిలవలేదు. గుంటూరు మస్తాన్ దర్గాకి మొక్కుకుంటే నేను దక్కానట. అందుకని మస్తానయ్య అని పేరు పెట్టారు. మా పక్క వీధిలో దూదేకుల కాసింబీ పిన్నమ్మ కూడా అక్కడే మొక్కుకుంటే కొడుకు పుట్టాడు. వాడు మస్తాన్ వలీ. మా వైపు ఇదేం వింత కాదు, సందుకో మస్తాను ఉంటాడు. తేడా తెలియడానికి ఊళ్ళో నన్ను కొట్టు మస్తాను అనీ, వాణ్ణి దూది మస్తాను అనీ అనేవాళ్ళు. మేమిద్దరం మాత్రం ఒకర్నొకరం ఉత్త "మస్తానూ" అనే పిలుచుకునేవాళ్ళం. బజార్లో ఎవరు ఆ పేరు పిలిచినా ఇద్దరం కలిసే తిరిగి చూసేవాళ్ళం.

మా వయసు కాలంలో గురజాల నుంచి గుట్టల మీదుగా మాచర్ల దాకా ఒక పరుగు పందెం జరిగేది. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో పెట్టేవాళ్ళు. ఒంటరి పరుగు కాదు, జోడు పరుగు. పూర్వం ఆ దారిన తపాలా సంచులు మోసేవాళ్ళు చిరుతపులి భయానికి ఇద్దరిద్దరుగా పరిగెత్తేవాళ్ళట. పందేనికీ అదే పద్ధతి వచ్చింది.

దారి మధ్యలో ఒక కనుమ ఉంది. దాని పై కొస మీద రెండు పెద్ద బండల మధ్య ఒక్క మనిషి పట్టే సందు. ముందు దాటినవాడు అవతల నిలబడి తన జోడుని పేరు పెట్టి పిలవాలి. కింద ఉన్నవాడు ముందువాడి పేరుతో బదులు కేకెయ్యాలి. ఆ రెండు గొంతులూ అవతలి పక్క కొండ కింద జెండా పట్టుకుని కూర్చున్న పెద్దలకి వినపడాలి. లేకపోతే ఆ జోడు లెక్కలోకి రాదు. ఎందుకంటే కొండ ఎక్కకుండా పక్కనుంచి చుట్టి వచ్చే దారి ఒకటుంది, అది పొదల చాటున మళ్ళీ ఈ దారిలోనే కలుస్తుంది. ఒకడు కొండెక్కి, ఇంకొకడు చుట్టు తిరిగి వచ్చి, ఇద్దరూ కలిసే దిగినట్టు దిగే దొంగ జోళ్ళు ఉండేవి.

మేము మొదటిసారి పరిగెత్తిన ఏడు అందరికంటే ముందు కనుమ ఎక్కాం. ఎక్కుడులో వాడు నాకన్నా గట్టి. వాడే ముందు దాటి "మస్తానూ" అన్నాడు. నేను కింద నుంచి "మస్తానూ" అన్నాను. కింద పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. కేక వేసింది ఒక్కడే, రెండోది కొండ పలికిన పలుకు, ఈ కొట్టు మస్తాను చుట్టుదారిన వచ్చాడు అని తేల్చేశారు. మేమెంత మొత్తుకున్నా వినలేదు. ఊరంతా కడుపుబ్బ నవ్వుకుంది. నేను మండిపడుతుంటే వాడు కూడా ఊరితో కలిసి నవ్వాడు.

మరుసటి ఏడు వాడే ఉపాయం చెప్పాడు.

"నువ్వు నా పేరే పిలువు. నేను మాత్రం నీ పేరు అనను, 'దాటా' అంటా. కొండ మనమన్న మాటే అంటది. అనని మాట అనదు గదా."

అలాగే చేశాం. "దాటా" అని వాడూ, "మస్తానూ" అని నేనూ. ఈసారి జెండా ఊపక తప్పలేదు వాళ్ళకి. ఆ పందెం మేమే గెలిచాం.

ఆ మీద కరువు వచ్చి పందెం ఆగిపోయింది. ఆ మాట మాత్రం మా మధ్య ఉండిపోయింది. మా ఆవిడకి మొదటి కాన్పు కష్టమై తల్లీబిడ్డలు బతికి బయటపడ్డ రోజున వాడు కొట్టు ముందుకొచ్చి అడిగింది ఒకటే, దాటారా అని. వాడి భార్య మాత్రం కాన్పులో దాటలేకపోయింది. పిల్లాడూ దక్కలేదు. ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక వాడు రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో కుదిరాడు. ఏడాదికో రెండేళ్ళకో వచ్చి తల్లిని చూసి పోయేవాడు.

తర్వాత యుద్ధం రంగూన్ దాకా వచ్చింది. బాంబులు పడ్డాయి. ఓడలు దొరకనివాళ్ళు అడవుల్లో, కొండల్లో నడుచుకుంటూ మన దేశానికి బయల్దేరారు. అలా నడిచి వచ్చిన శావల్యాపురం మనిషి ఒకాయన కాసింబీ పిన్నమ్మని వెతుక్కుంటూ వచ్చాడు. కొండల మొదట్లో వలీని చూశాననీ, వాడు తన దగ్గరున్న గుప్పెడు బియ్యంలో సగం ఈయనకిచ్చాడనీ, జ్వరంతో ఉన్న వేరే మనిషి కోసం వెనక ఆగిపోయాడనీ చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. యుద్ధం ఆగిపోయింది. వాడు రాలేదు.

పిన్నమ్మ రోజూ వాడి వంతు అన్నం వండి మూత పెట్టేది. తలుపు గడియ వేసేది కాదు. పోయినవాళ్ళ పేరున చదివించే ఫాతేహా చదివించమని వాళ్ళ పెద్దలు చాలాసార్లు చెప్పి చూశారు. ఊపిరున్న బిడ్డకి ఫాతేహా చదివిస్తే వాడొచ్చే దారి నా చేత్తో నేనే మూసినట్టు అనేది. అలాగని ధైర్యంగా ఉందా అంటే లేదు. మనిషి చిక్కి సగమైంది. ఏడవడానికి వీల్లేదు, ఏడవకుండా ఉండటానికీ వీల్లేదు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు రెండూళ్ళ కుర్రాళ్ళూ కలిసి ఆ పందెం మళ్ళీ మొదలుపెట్టారు. ఆ కబురు విని పిన్నమ్మ మా కొట్టుకొచ్చి అరుగు మీద కూర్చుంది. బేరాలు అయిపోయేదాకా ఆగింది. ఆ తర్వాత చెప్పింది, నన్ను పరిగెత్తమని. ఆ కనుమ ఎక్కి ఒక్క కేక వెయ్యమంది.

"వాడు ఏడున్నా నీ కేకకి పలక్కుండా ఉండడు అబ్బాయ్" అంది.

ముసలామె ఆశ, కాదనలేకపోయాను. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. పై అరలో చింతపండు బుట్ట దింపడానికి నిచ్చెనెక్కితేనే రొప్పే మనిషి కొండెక్కుతాడట అని వీధి వీధంతా చెప్పింది. పందెం పెద్దలు నన్ను జోడు లేకుండా రానిచ్చారు, లెక్కలో పెట్టుకోం అనే షరతు మీద. అంతకంటే మర్యాద నేనూ కోరలేదు.

తెల్లవారుతుండగా బయల్దేరాం. కాసేపట్లోనే కుర్రాళ్ళు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయారు. నా వెనక ఎవరూ లేరు. పరుగు కాస్తా నడకయింది, కనుమ మొదలయ్యేసరికి ఆ నడకా ఈడుపయింది. ఎండ బాగా ఎక్కింది. బలుసు పొదలు, సీతాఫలం చెట్లు, కాలికింద జారే పలుగురాళ్ళు, అన్నీ అప్పుడెట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. మారింది నేనే.

సందుకి కాస్త కింద ఒక బండ మీద కూలబడ్డాను. గుండె దడదడమంటోంది. అప్పట్లో సరిగ్గా ఇక్కడే నేను వెనకబడేవాణ్ణి, వాడు నవ్వుతూ పైకి పోయేవాడు. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని ఏడ్చాను కూడా. తర్వాత పిన్నమ్మకిచ్చిన మాట గుర్తొచ్చి లేచి నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి "మస్తానూ" అని కేకేశాను.

కొండ పలికింది. మస్తానూ, మస్తానూ అని రెండు మూడు చోట్ల నుంచి వచ్చి సన్నగిల్లిపోయింది. అంతేలే అనుకున్నాను. అనుకుని పై గుడ్డతో మొహం తుడుచుకుంటున్నాను.

అప్పుడు పైనుంచి, ఆ సందుకి అవతల నుంచి వినపడింది.

"దాటా."

గట్టిగా కాదు. పక్కనున్న మనిషితో చెప్పినట్టు, నింపాదిగా. ఆ గొంతు వాడిదేనని ఒట్టు పెట్టమంటే పెట్టను. ఆ మాట మీద మాత్రం దేని మీదైనా ఒట్టు పెడతాను. ఇంకొకటి కూడా చెప్పాలి. దగ్గినా తుమ్మినా తిరిగి పలికే కొండ అది. ఆ ఒక్క మాటని మాత్రం తిరిగి పలకలేదు.

భయం వేయలేదు. ఎందుకు వేయలేదో నాకూ తెలియదు. ఒళ్ళంతా జలదరించింది, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఏ గుళ్ళోనూ నాకు అలా అనిపించలేదు. నేను ఉన్నానో లేనో తెలియనంత చిన్నవాణ్ణయిపోయాను. ఆయాసం సంగతే మర్చిపోయి ఎక్కి, ఆ సందులోంచి అవతలికి వచ్చాను. అక్కడ ఎవరూ లేరు. గాలి, ఎండ, దూరంగా కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు, ఇంకా దూరంగా మాచర్ల ఇళ్ళు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నోరు తెరవలేదు. ఆ మాట నేను అనలేదు, గొణగను కూడా గొణగలేదు.

కొండ దిగాను. కింద జెండా పట్టుకుని ఉన్నది కొత్తగా వచ్చిన బడి పంతులు, గోదావరి జిల్లా మనిషి. ఆయనకి నేను తెలియను, వలీ అంతకంటే తెలియడు. జోడు లేకుండా ఒక ముసలాడు వస్తాడని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నా వెనక్కి, కొండ వైపుకి చూస్తూ ఉన్నాడు.

"ముందు దాటినాయన ఏరండీ? ఇంకా దిగలేదు" అన్నాడు.

ఏం విన్నారని అడిగాను. మొదట మస్తానూ అన్న కేక, దాని వెనకే కొండ పలుకులూ వినపడ్డాయట. ఆ తర్వాత వేరే గొంతు, దాటా అని ఒక్కసారే. రెండు గొంతులయ్యాయి కదా అని జెండా కూడా ఊపేశానన్నాడు. పైన ఎవరైనా పడిపోయారేమోనని కంగారుపడి, నేను వద్దంటున్నా వినకుండా ఇద్దరు మనుషుల్ని తీసుకుని కనుమ దాకా ఎక్కి వెతికి వచ్చాడు. చుట్టుదారి కూడా చూశారు. ఆ పూట మేకలు కాసేవాళ్ళు కూడా ఆ కొండకి రాలేదు.

గురజాల చేరేసరికి మర్నాటి పొద్దు వాలింది. పిన్నమ్మ వాళ్ళింటి గుమ్మంలోనే కూర్చుని ఉంది. దారంతా ఆలోచిస్తూనే వచ్చాను, చెప్పాలా వద్దా అని. నాకైతే అది మంచి కబురే అనిపించింది. దాటా అన్నాడంటే ఆ కొండలు దాటి ఎక్కడో క్షేమంగా ఉన్నట్టే కదా. అలాగే చెప్పాను. పలికాడు పిన్నమ్మా, దాటా అన్నాడు అని.

ఆమె ఏడవలేదు, సంతోషపడలేదు. కొంచెంసేపు నా మొహంలోకి చూసింది.

"రొప్పుతా అన్నాడా, తీరిగ్గా అన్నాడా?" అని అడిగింది.

"తీరిగ్గానే పిన్నమ్మా. ఆయాసమే లేదు" అన్నాను, ఆమెకి ధైర్యంగా ఉంటుందని.

ఆమె తల ఊపింది.

"అంత కొండ ఎక్కినోడికి ఆయాసం లేకుండా ఎట్టా ఉంటది అబ్బాయ్. వాడికి ఊపిరితో పని తీరిపోయింది."

నేను అక్కడే గుమ్మం పక్కన కూర్చుండిపోయాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. ఓదార్చాల్సినవాణ్ణి నేను, ఓదార్చింది ఆమె. వాడు కష్టపడతన్నాడేమోననే ఇన్నాళ్ళూ నా బాధ, ఆ కష్టం దాటాడు, అంతే చాలు అంది. మూత పెట్టి ఉంచిన అన్నం తెచ్చి నా ముందు పెట్టింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నేను. వాడి వంతు అన్నం నేను తిన్నాను.

మర్నాడు ఫాతేహా చదివించింది. ఆమె బిగ్గరగా ఏడవడం ఆ రోజే చూశాను, అన్నేళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. ఆ సాయంత్రం నేను వీధిలోకి రాగానే వెనక తలుపు మూసుకుంది. ఎన్నో ఏళ్ళకి ఆ ఇంటి గడియ పడ్డ చప్పుడు విన్నాను.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఎవరో ఆట పట్టించారన్నవాళ్ళున్నారు, ఎండ దెబ్బ అన్నవాళ్ళున్నారు. ఎండ దెబ్బ నాకు తగిలితే పంతులుగారికి ఎలా వినపడుతుంది? ఆట పట్టించడానికి ఆ మాట తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అప్పటి పెద్దలంతా పోయారు. మిగిలింది నేనూ, పిన్నమ్మా. దయ్యమని మాత్రం నేను అనను, ఆ పేరు వాడికి పెట్టడానికి నాకు నోరు రాదు. మరేమిటంటే చెప్పలేను. కొట్లో కూర్చుని తూకం వేస్తూ ఒక్కోసారి చెయ్యి ఆపేసి అదే ఆలోచిస్తాను. కొండ మనమన్న మాటే అంటుంది. నేను అన్నది "మస్తానూ" అని ఒక్కటే.