మేకతో చెప్పించిన మాటలు

ఆ రోజుల్లో కోపాన్ని కూడా పొదుపుగా వాడేవాళ్ళం. ఒకసారి వచ్చిన కోపాన్ని ఊరగాయలాగా నెలల తరబడి కొంచెం కొంచెం నంజుకునేవాళ్ళం. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు పొద్దున పోట్లాడి మధ్యాహ్నానికి ఒకే మంచం మీద ఫోను చూస్తుంటారు. మొన్న అందులో ఎవడో దొర, మనుషుల్లేని దీవిలో తిండీ నీళ్ళూ వెతుక్కుంటుంటే వీళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. (పక్కన సగం తాగి పారేసిన నీళ్ళ సీసాలు!) నాకు ఒళ్ళు మండింది. వాడికి కత్తి ఉంది, వీడియో తీసేవాడున్నాడు. నేను ఏటి నడుమ చిక్కుకున్న రోజు నాకు మా తోడికోడలు తప్ప ఎవరూ లేరు.

మా అత్తగారి ఊరు మంత్రాలయం దగ్గర, తుంగభద్ర ఒడ్డున. తోడికోడలు ఎమ్మిగనూరు మనిషి, నాకంటే పెద్దది, అక్కా అని పిలవాలి. పిలవడం మానేశాను. ఎందుకంటే నేను రోట్లో నూరి జాడీకెత్తిన కొరివికారంలో సగం, నన్నడగకుండా పుట్టింటికి పంపింది. (అడుగు సగం కాదు, నూనె తేలిన పైసగం!) మాటల్లేకపోయినా పనులు కలిసే చేయాలి కదా. ఒకరోజు మోకాటిలోతు నీళ్ళు దాటి, ఏటి నడుమ ఇసుక తిప్ప మీదికి గడ్డి కోయడానికి పోయాం. నా వెంట నా పాడిమేక. పైన ఎక్కడో వాన కురిసినట్టుంది, మేం కొడవళ్ళు దించేలోగా ఏరు ఎర్రగా పొంగి, వచ్చిన దారి మునిగిపోయింది. అవతలి ఒడ్డు నుంచి ఎవరో అరిచారు: "ఏరు దాటించే పుట్టి రేపు పొద్దున గాని రాదమ్మో! యాడికీ కదలాకండి!" యాడికి కదులుతాం, నా తలకాయ!

పొద్దు వాలేసరికి కడుపులో మంట. ఆమె దగ్గర జొన్నరొట్టెలు, ఒక సత్తు గిన్నె ఉన్నాయి. నా దగ్గర మేక పాలు. ఆమె మూట విప్పింది కదా, రొట్టెల మీద ఎర్రగా నా కొరివికారం! అంత కోపంలోనూ ఆమెతో మాట్లాడతానా? మేక వైపు తిరిగాను.

"మేకా, ఆ కారం ఎవురి చేతిదో తినేటోళ్ళను అడుగు."

ఆమె కూడా మేక వైపే తిరిగింది. "మేకా, నూరితే సాలదు, పెట్టే గుణం ఉండల్లని సెప్పు."

"పాలు కావల్లంటే గిన్నె ఇటు పంపమను!"

"గిన్నె కావల్లంటే నన్నే అడగమను. నోరేమన్నా అరిగిపోతాదా?"

"దొంగలతో మాట్లాడితే అరిగిపోతాదని సెప్పవే!"

మేక ఇద్దరి ముఖాలూ చూసి (మా ఇంటిల్లిపాదికంటే దానికి తెలివెక్కువ) మూటలో మూతి పెట్టింది. మేం చూసేసరికి గుడ్డ మిగిలింది. ఆ వెంటనే కారం నషాళానికెక్కి, తుమ్ముకుంటూ తిప్ప ఆ చివరికి పరిగెత్తింది.

అరిచి అరిచి గొంతెండిందేమో, అక్క గిన్నె తీసుకుని ఏట్లోకి దిగి ఎర్రనీళ్ళు ముంచింది. అలాంటి వరదనీళ్ళు తాగి, ఏటి ఒడ్డునే ఉన్న మా పుట్టింటి వీధిలో ఒకామె వాంతులతో పోయింది. ఎమ్మిగనూరులో పెరిగిన ఈమెకేం తెలుసు? చెప్పిద్దామంటే మేక లేదు. గిన్నె పెదవుల దగ్గరికి పోయింది. ఇంట్లో ఆమె చంటిపిల్ల నా కళ్ళముందు మెదిలింది.

"ఆ నీళ్ళు తాగొద్దక్కా, సస్తావు!" అని అరిచాను.

ఆమె గిన్నె దించి, "మాట్లాడినావా!" అంది, పందెం గెలిచినట్టు.

ఆ మంటకు ఇసుకలో చేతులు దూర్చి చెలమ తవ్వాను. నీటి అంచుకు కాస్త ఎడంగా తవ్వితే ఇసుకే నీళ్ళను వడగడుతుంది. తిట్టుకుంటూ తవ్వాను గనక బాగా లోతుకే పోయింది. బురద తోడి పారబోశాక తేటనీళ్ళు ఊరాయి, తాగాం. మేకను ఈడ్చుకొచ్చి నేను పాలు పిండాను, ఆమె గిన్నె పట్టింది. తెల్లారేదాకా అదే మా తిండి. అయితే పుట్టిలో కాలు పెట్టిందో లేదో, తెడ్డు వేసేవాడితో ఆమె అన్న మొదటి మాట ఏమిటి? "అదే ముందు మాట్లాడిందప్పా!" ప్రాణం కాపాడిందని కాదు! ఆ తర్వాత ప్రతి పెళ్ళిలో, ప్రతి బంతిలో అదే పాట.

ఇప్పుడు నేను ఆదోనిలో, ఆమె ఎమ్మిగనూరులో. మొన్న చూడబోయాను. ఈసారైనా ఆమే ముందు పలకాలని ఎదురుగా గోడకానుకుని కూర్చున్నాను. ఆమె కూడా బిగదీసుకు కూర్చుంది. బయట ఎండ మాడ్చేస్తోంది, నా నాలుక పిడచగట్టింది. ఇంటికొచ్చిన మనిషిని పలకరించాలా వద్దా? చివరికి, "మంచినీళ్ళన్నా ఇయ్యవా అక్కా?" అని అరిచాను.

ముసలిది పళ్ళులేని నోటితో పగలబడి నవ్వింది. గోడ పట్టుకుని లేచి చెంబు నిండా తెచ్చింది. చుక్క మిగల్చకుండా తాగాను, కోపంగానే. కోపంగానే బస్సెక్కాను కూడా. పక్కన కూర్చున్నామె, "ఏమవ్వా, ఒక్కదానివే నవ్వుకుంటాండావు?" అని అడిగేదాకా నాకు తెలియలేదు.