బస్సంతా విన్న పాస్‌వర్డ్

ఇప్పుడంటే ఫోను మన ముఖం చూసి తలుపు తీస్తోంది, వేలు ఆనిస్తే లోపలికి రమ్మంటోంది కానీ, నేను కన్నడనాట చింతామణిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో కంప్యూటర్లకు మనుషుల మీద ఇంత నమ్మకం ఉండేది కాదు. మనుషులకు కంప్యూటర్ల మీద అంతకన్నా తక్కువ. నాకు మాత్రం నా మీద నమ్మకం బోలెడంత ఉండేది. బి.కాం. పట్టా ఒకటి, మూడు నెలల కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్టు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గుడిబండెలో బస్సెక్కిన నాడు, ఈ జిల్లాలో కంప్యూటర్లన్నీ నా కోసమే ఎదురుచూస్తున్నాయని అనుకున్నాను. (ఎదురుచూసింది ఒక్కటే. దానికీ కీబోర్డులో స్పేస్ మీట పనిచేసేది కాదు.)

నాకు పని దొరికింది ఒక నర్సరీలో. టమోటా, మిరప, క్యాప్సికం నారు పెంచి రైతులకు అమ్మే చోటు. యజమానిని అందరూ నర్సరప్ప అనేవారు. మొలక ముఖం చూసి అది ఎన్ని రోజులదో చెప్పగల మనిషి. ఆయనకున్న చిక్కల్లా ఈ-మెయిలే. విత్తనాల కంపెనీవాళ్లు మంచి రకం టమోటా విత్తనం వచ్చినప్పుడల్లా, ఏ నర్సరీకి ఎంత ఇస్తామో మెయిల్లో రాసేవారు. గంటలోపు మెయిల్లోనే ఒప్పుకోవాలి. ఫోన్ మాట లెక్కలోకి రాదు. గంట దాటితే ఆ విత్తనం ఇంకో నర్సరీకి పోతుంది. ఆ మెయిలేమో ఆయన ఫోన్లోకి మాత్రమే వచ్చేది. ప్రకటనల మోత భరించలేక ఆయన మెయిలు గంట నోరు మూసేశాడు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పడు. ఫోను చొక్కా జేబులో, చొక్కా మేకుకు, ఆయన బనియనుతో నారుమడుల్లో. అలా ఒకసారి విత్తనం చేజారిపోయింది. దుక్కులు దున్నుకుని కూర్చున్న సాదలి ఊరి రైతులు మా గడప దాటి పక్క నర్సరీకి వెళ్లారు. వాళ్లలో ఒకరు పోతూ పోతూ మా వైపు చూసి తల అడ్డంగా ఊపిన తీరుకు నర్సరప్ప రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మూడో రోజు నన్ను పిలిచాడు. "ఏమప్పా, కంప్యూటర్ చదివినానంటివే. మెయిల్ వస్తే అరిచి చెప్పేది ఏమన్నా ఉండాదా? ఈ తూరి కూడా తప్పిందంటే నువ్వూ నీ సర్టిఫికెట్టూ గుడిబండెకు పోవచ్చు" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది. ఇంటి దగ్గర నాన్న అప్పటికే నాలుగు వీధుల్లో చెప్పేశాడు, మావాడు చింతామణిలో కంప్యూటర్ ఆఫీసరు అని.

అటువంటిది ఉండనే ఉంది. తెర మూలన బుద్ధిగా కూర్చుని, మెయిల్ రాగానే టింగుమని పిలిచి, ఎవరు పంపారో చూపించే చిన్న ప్రోగ్రాం. నెట్‌లోంచి దించుకుని కంప్యూటర్లో పెట్టాను. భద్రమైన కనెక్షన్ అన్న గడిలో టిక్కు కొట్టాను, పోర్టు నంబరు వేశాను. ఇక దానికి పాస్‌వర్డ్ ఇవ్వాలి. మెయిల్‌కున్న అసలైన పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదని, ఇలాంటి ప్రోగ్రాముల కోసం విడిగా పదహారు అక్షరాల పాస్‌వర్డ్ ఒకటి పుట్టించుకోవచ్చని, అనుమానం వస్తే దాన్నొక్కదాన్నే రద్దు చేయవచ్చని చదివి మురిసిపోయాను. నర్సరప్పను కూర్చోబెట్టి ఒక ఉపన్యాసం ఇచ్చాను. "అప్పా, ఇది చాలా గుట్టుగా చేయాల్సిన పని. మీ ఫోన్లో ఆ పదహారు అక్షరాలు ఒకే ఒక్కసారి కనిపిస్తాయి. పేజీ మూస్తే మళ్లీ రావు. కాగితం మీద రాయకూడదు. ఎవరికీ మెసేజ్ పంపకూడదు, నాకు కూడా. నోటితో నాకు చెప్పండి, అంతే." ఆయన ప్రతి మాటకూ తలాడించాడు. ఇంతలో ఎవరో నారుకు రావడంతో ఆయన లేచాడు, నేను ఏ మెట్టు తర్వాత ఏది నొక్కాలో కాగితం మీద రాసిచ్చాను. (నా ఉపన్యాసంలో ఉన్న చిల్లు నాకు ఆ రోజు కనబడలేదు. మీకు ఈపాటికే కనబడి ఉంటుంది.)

మర్నాడు పొద్దున్నే ఆయన ఒక రైతు పొలం చూడటానికి బాగేపల్లి వెళ్లాడు. మధ్యాహ్నం కావస్తుండగా కంపెనీ మనిషి ఫోన్ చేసి, ఈ రోజే మెయిల్ వస్తుందన్నాడు. వెంటనే నర్సరప్పకు ఫోన్ చేస్తే, పొలం చూసేశాననీ, తిరుగు బస్సులో ఉన్నాననీ, నేను రాసిచ్చిన కాగితం తీస్తున్నాననీ అన్నాడు. కాసేపటికి ఆయనే చేశాడు. "వచ్చిండాదప్పా, అచ్చరాలు! రాసుకో!"

తెర మీద అక్షరాలు చూస్తూ మాట్లాడాలి కదా, అందుకని స్పీకర్ పెట్టాడు. బస్సు ఇంజను మోతకు మించి అరవాలి కదా, అందుకని అరిచాడు. కాగితం మీద రాయలేదు, మెసేజ్ పంపలేదు. నేను చెప్పినది చెప్పినట్టే చేస్తూ, కిక్కిరిసిన బస్సులో, ఆయన తన నర్సరీ తాళంచెవిని ఒక్కో అక్షరం చొప్పున గొంతెత్తి చదివాడు.

"కె! వై! బి! యెమ్ము! ఓ! టీ! టీ! జి! ఇజడ్డు! ఆర్..."

రాసుకుని లెక్కపెడితే పదిహేడు వచ్చాయి. "అప్పా, ఒకటి ఎక్కువైంది" అన్నాను. "నేనేడ ఎక్కువ చెప్పినా? ఉండేదే చెప్పినా" అన్నాడు ఆయన. ఇంతలో పక్కనుంచి ఇంకో గొంతు, మెత్తగా, అధికారంగా: "ఇట్ల ఇయ్యండి యజమానీ. ఇది మీతో కాదు. నేను ముప్పై ఏండ్లు పిల్లోళ్లకి ఉక్తలేఖన చెప్పినోన్ని." ఎవరో కన్నడ బడిలో పనిచేసి రిటైరైన మేష్ట్రు. ఉక్తలేఖన అంటే మా వైపు బళ్లలో డిక్టేషన్. చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మేష్ట్రు ప్రతి మాటా రెండేసిసార్లు చెప్తాడు, పిల్లలు ఒక్కసారే రాసుకుంటారు. ఈయనా అలాగే మొదలుపెట్టాడు. "కె... కె. వై... వై. బి... బి." నా చేయి దానంతటదే నాలుగో తరగతిలోకి వెళ్లిపోయి ఒక్కోటి ఒక్కసారే రాసింది. పూర్తయ్యాక లెక్కపెడితే, కచ్చితంగా పదహారు!

ఆనందంగా కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది. లెక్క సరిపోయి కూడా తప్పెలా అవుతుందో నాకు అంతుబట్టలేదు. ఫోన్లో మేష్ట్రు నొచ్చుకుంటున్నాడు, "నా ఉక్తలేఖనలో తప్పుండదు. రాసేవాడు గమనం పెట్టి వింటాలేడు" అని. చేలూరు దాటాక గుట్టల మధ్య సిగ్నల్ పోయింది. నేను గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. మెయిల్ ఈపాటికి వచ్చే ఉండవచ్చు. నాన్నకు ఏమని చెప్పాలో ఆలోచించడం కూడా మొదలుపెట్టాను.

మళ్లీ ఫోన్ మోగినప్పుడు ఒక పెద్దామె గొంతు వినబడింది. సొరకాయలు అమ్ముకుని వస్తున్న ఆమె అట, నర్సరప్ప వెనక సీట్లో ఉందట. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. కానీ ఇంతసేపూ ఆయన భుజం మీదుగా ఫోన్ చూస్తూనే ఉంది. "యాల అట్ల గడగడా చెప్తారప్పా? ఆడ చూడు, నాలుగు కుప్పలుండాయి. కుప్పకి నాలుగుండాయి. కుప్ప కుప్పగా చెప్పి, కుప్ప కుప్పగా లెక్క ఎంచుకోమను ఆ పిల్లోన్ని."

చెప్పారు. మొదటి కుప్పలో నాలుగు, సరిపోయాయి. రెండో కుప్పలో నా దగ్గర మూడే ఉన్నాయి. మేష్ట్రు టీ అనే అక్షరాన్ని నాలుగుసార్లు చెప్పాడు, ఎందుకంటే అక్కడ నిజంగానే రెండు టీలు ఉన్నాయి. నేను ఒక్కటే రాసుకున్నాను. మూడో కుప్పలో నా దగ్గర ఐదు ఉన్నాయి.

"ఐ, జడ్, ఆర్, యు, పి... ఐదండి మేష్ట్రు."

"ఐ యాడిది?"

"మీరే చెప్పారు కదండీ. ఐ, జడ్ అని."

మేష్ట్రు, పరీక్ష తప్పిన పిల్లాడిని చూసినంత జాలిగా అన్నాడు: "అప్పా, ఇజడ్ అంటే ఒకటే అచ్చరమప్పా. ఏబీసీడీలో కడకొచ్చే ఇజడ్. మీ బళ్లో ఏమనేవోళ్లు?"

మా గుడిబండె బళ్లో జడ్ అనేవాళ్లు. ఒక అక్షరం పెరిగి, ఒక అక్షరం తరిగి, లెక్క మాత్రం నన్ను చూసి నవ్వింది. దిద్ది కొట్టాను. తెర మూలన చిన్న ఆకుపచ్చ చుక్క వెలిగింది. నేను లేచి నిలబడ్డానని తర్వాత గాని గమనించుకోలేదు.

వెలిగిన మరుక్షణమే టింగుమంది. విత్తనాల కంపెనీ. వచ్చి అప్పటికే నలభై ఐదు నిమిషాలు. అంటే మేమంతా కలిసి మెయిల్ వస్తే చెప్పే యంత్రాన్ని నిద్రలేపుతుండగా, ఆ మెయిల్ నర్సరప్ప చేతిలోని ఫోన్లోనే వచ్చి కూర్చుంది. పైగా నా యంత్రం మెయిల్ వచ్చిందని చెప్పగలదే గానీ జవాబు రాయలేదు. (ఈ సంగతి నేను ముందే చదివి ఉండాల్సింది. చదవలేదు.) "అప్పా, వచ్చేసింది! పదిహేను నిమిషాలే ఉంది! మీరే ఒప్పుకుంటున్నామని రాయాలి!" అని ఈసారి నేను అరిచాను.

"నాకు రాసేది రాదప్పా, ఎప్పుడూ పక్కనోళ్లెవరన్నా రాసిచ్చేది" అన్నాడు నర్సరప్ప. ఆ గొంతు వినగానే నా ఉద్యోగం సంగతి మరచిపోయాను. సాదలి రైతు తల ఊపడం ఆయనకు కళ్లముందు కనబడుతోందని నాకు తెలిసిపోయింది.

"నేను రాస్తాను ఇయ్యండి" అన్నాడు మేష్ట్రు. ఒక్క మాట రాస్తే చాలునని నేను మొత్తుకుంటున్నా వినలేదు. జాబు అంటే జాబులాగే ఉండాలట. ఎవరి నుంచి, ఎవరికి, మాన్యరే, విషయం అని కన్నడంలో మొదలుపెట్టి, ఒక్కో వాక్యం రాసి పైకి చదివి, నర్సరప్ప చేత సరే అనిపించుకుని, తర్వాతి వాక్యానికి వెళ్లాడు. జాబు చివర సంతకానికి ముందు రాసే 'తమ విశ్వాసి' దగ్గరకు వచ్చేసరికి నాలుగు నిమిషాలు మిగిలాయి. "పంపినా" అన్న మాట వినబడ్డాక బస్సులో ఎవరో చప్పట్లు కొట్టారు. కాసేపటికి నా తెర మూలన మళ్లీ టింగుమంది. విత్తనం మాదే.

సాయంత్రం నర్సరప్ప వచ్చాడు. చేతిలో ఒక సొరకాయ, ఆ పెద్దామె నాకు పంపిందట. నేను దాన్ని పుచ్చుకుని, గంభీరంగా ముఖం పెట్టి, "అప్పా, ఆ పాస్‌వర్డ్ రేపే రద్దు చేసి కొత్తది పెట్టాలి. బస్సంతా విన్నారు" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఎవురు విన్నారు? మనోళ్లే కదా విన్నేది."

లోపలికి పోతూ ఆగి, "రేపు బిరీన రాప్పా, నారు ఎత్తేది ఉండాది" అన్నాడు. ఆ మాటతో నా ఉద్యోగం ఖాయమైంది.

మర్నాడు పట్టుబట్టి రద్దు చేయించాను. కొత్తదాన్ని ఆఫీసు తలుపులు మూసి, నా మీద గౌరవంతో ఆయన నా చెవిలో గుసగుసగా చెప్పాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఇప్పుడు నేను చిక్కబళ్లాపురంలో ఇలా జనానికి కంప్యూటర్లు, మెయిళ్లు పెట్టిచ్చే పనిచేసి బతుకుతున్నాను. పాస్‌వర్డ్ ఎవరికీ వినిపించకండని రోజూ పదిమందికి చెప్తాను, చెప్పాలి కూడా. ఆ రోజు చేసింది సరైన పనే, మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ రద్దు చేయిస్తాను. నా సొంత పాస్‌వర్డులు మాత్రం నాకు ఒక్కటీ గుర్తుండవు, నెలకోసారి మరచిపోయి కొత్తవి పెట్టుకుంటాను. రద్దయిపోయి ఏ తలుపునూ తెరవని ఆ బస్సు పదహారు అక్షరాలే, ఇంతకాలమైనా, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను.