డాక్టరమ్మ అడిగింది ఆమెను

ఆ రోజు పొద్దున నా భార్య సుజాత ముఖం కడుక్కుంటూ ఆగిపోయింది. "ఏమండి, ఈ చెంప నాది కానట్లుంది. నీళ్లు తగుల్తనే లేవు" అంది. ఆమెకు షుగరుంది. పన్ను నొప్పేమోనని లవంగం పెట్టుకోమన్నాను.

నాలుగు రోజులకు కన్ను వాచింది. నారాయణగూడలో ఈఎన్‌టీ డాక్టరమ్మకు చూపించాం. ఎండోస్కోపీ, ఎమ్మారై, బయాప్సీ అయ్యాయి. మ్యూకర్ అనే ఫంగస్ అన్నారు. ఆపరేషన్ చేసి సైనస్‌లో కుళ్లిన భాగం తీశారు. తర్వాత వారాల తరబడి ఇంజెక్షన్లు. ఎక్కించినప్పుడల్లా వణికిపోయేది. కిడ్నీల మీద భారం పడి క్రియాటినిన్ పెరిగింది. అదంతా చూసి నాకు ఆ మందులంటేనే భయం పట్టుకుంది.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మ, "స్కాన్ బాగుంది. కానీ నేను చెప్పేదాకా ఈ ఫంగస్ టాబ్లెట్లు ఆపొద్దు" అన్నారు.

ఆపింది నేను. వేపాకు, పసుపు, లవంగం సారం ఫంగస్‌ను చంపుతుందని ఫోన్లో చూశాను. చిక్కడపల్లి మార్కెట్లో పచ్చి పసుపు కొని, మా అశోక్‌నగర్ గల్లీలో వేపాకు కోసి కషాయం కాచాను. టాబ్లెట్లతో ఆమెకు వాంతులయ్యేవి. మానేశాక అన్నం తింది. నాకు అదే రుజువైంది.

"ఈ చేదుకు ఫంగస్ ఏంది, నేనే పారిపోత" అని నవ్వుతూ తాగింది.

రివ్యూలో డాక్టరమ్మ ఆమెనే అడిగారు, "టాబ్లెట్లు వేసుకుంటున్నావా అమ్మా?" అని.

ఆమె నోరు తెరవకముందే, "రోజూ నేనే ఇస్తున్నానండి" అన్నాను.

సుజాత నావైపు చూసింది. నలుగురి ముందు నా మాట కాదనే మనిషి కాదు. మెట్లు దిగుతుంటే మాత్రం, "అబద్ధమెందుకండి? వాంతులైతున్నయని చెప్తే అయిపోతుండె కద" అంది.

"తగ్గినాక చెప్దాం తీ" అన్నాను.

నెల తిరక్కుండానే తలనొప్పి మొదలైంది, ఒక కంటి చూపు పోయింది. ఫంగస్ మెదడుకు పాకిందన్నారు. అప్పుడు కషాయం సంగతితో సహా నిజం చెప్పాను. డాక్టరమ్మ తిట్టలేదు. "ల్యాబులో గాజు పళ్లెంలో ఫంగస్‌ను చంపడం వేరండి, మనిషి ఎముకలో చంపడం వేరు. వాంతులని ఒక్క మాట చెప్పి ఉంటే ఏదో దారి చూసేవాళ్లం" అన్నారు.

మళ్లీ ఆస్పత్రిలో చేర్చిన పదకొండో రోజు సుజాత పోయింది.

కర్మకు వచ్చినవాళ్లందరితో ఇంగ్లీషు మందులు పనిచేయలేదని చెప్పాను. అది నా రెండో అబద్ధం. మందులు పనిచేశాయి. వాటిని ఆపింది నేను.

పేషెంటు వెంట వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఏ ఆకు పసరు తాగుతున్నా, ఏ మాత్ర మానేసినా, డాక్టరుకు ఆ మనిషినే చెప్పనివ్వండి.

ఇప్పుడు మా అక్కను బీపీ చెకప్‌కు నేనే తీసుకెళ్తున్నాను. డాక్టరు ఏదైనా అడిగితే ఆమె అలవాటుగా నావైపు చూస్తుంది.

"నువ్వే చెప్పక్కా" అంటాను.