ఊరికే వెలిగే బల్బు

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక డాక్టరుగారికి, రోగుల టోకెన్ నంబరు చూపించే బోర్డు చేసిస్తానని ఒప్పుకున్నాను. రెండు ఎర్ర అంకెలు, అంతే. వాటిని వెలిగించడం నాకు చిటికెలో పని. వాటికి కరెంటు ఇచ్చే పెట్టె దగ్గరే చిక్కొచ్చింది. పత్తి మిల్లులు నడిచే వేళ ఆదోనిలో తిరిగే ఫ్యానుకు రెక్కలు లెక్కపెట్టొచ్చు. మామూలు ట్రాన్స్‌ఫార్మరు పెడితే అంకెలు సొమ్మసిల్లేవి. వోల్టేజి పడినా తట్టుకునే స్విచ్చింగ్ సప్లై కావాలి, అదీ చవకలో దొరకాలి.

నాకు కావలసింది ఐదు వోల్టులు. ఒక ఆంపియరు కూడా అక్కర్లేదు. కానీ మనవాళ్లకు ఒక జబ్బుంది, దాని పేరు 'ఎందుకైనా మంచిది'. పెళ్లికి పదిమందికి ఎక్కువ వండినట్టు, నేనూ పది ఆంపియర్లది అడిగాను. బెంగళూరు పాతసామాను బజారులో అలాంటిది నిజంగానే చవగ్గా దొరికింది. అదృష్టమంటే నాదే అని మురిసిపోయాను.

ఆదివారం ఎమ్మిగనూరులో మా ఇంటి అరుగు మీద బిగించి చూస్తే అంకెలు వెలగడం, ఆరిపోవడం. పెట్టె టిక్కుటిక్కుమంటోంది. దాంతోపాటు వచ్చిన కాగితం అప్పుడు చదివాను. ముందే చదివితే నేనెందుకవుతాను? కనీసం ఇంత కరెంటు భారం మోయకపోతే ఈ సప్లై నిలకడగా పనిచేయదని అందులో ఉంది. నా రెండంకెలు దానికి ఏ మూలకు? మోటారు సైకిలు పాత బల్బొకటి తెచ్చి తగిలించాను. అంకెలు నిలబడ్డాయి.

పక్కనే నాన్న నూలు చిక్కు తీస్తున్నాడు. మోకాళ్లు అరిగాయి, గుంత మగ్గంలోకి దిగొద్దని చెప్పి మా అన్నే ఆ మగ్గం విప్పి అటకెక్కించాడు. అప్పటినుంచి నాన్న గోడ చూస్తూ కూర్చునేవాడు. అమ్మ చిక్కునూలు తెచ్చి ఒళ్లో వేశాక మనిషిలో కాస్త కదలిక వచ్చింది. మాకు అదే చాలనిపించింది.

"పట్టపగలు ఆ బల్బెందుకురా?" అన్నాడు.

"కొంచెమన్నా పని లేకుంటే పెట్టె నిలబడదు నాయనా. అందుకని తగిలించినా."

"ఆ ఎలుతురుతో ఎవురికన్నా పనుందా?"

"ఎవురికీ లేదు. ఊరికే వెలుగుతాది."

నాన్న చేతులు ఆగాయి. ఒళ్లోని నూలును చూశాడు. గడపలో నిలబడ్డ అమ్మను చూశాడు.

"ఇన్ని దినాలనుంచి చిక్కు తీసిస్తాండానే, ఈ నూలు ఎవురు నేస్తాండారు?"

అమ్మ గడప దాటి వచ్చి నాన్న పక్కన కూర్చుంది.

"ఎవురూ నేయరు," అంది. "నువ్వు తీసిందే మళ్లా నేను చిక్కు చేసి తెస్తాండా."

నాన్న కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. నూలు పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, మెల్లగా నడిచి అటక కింద నిలబడ్డాడు.

"మోకాళ్ల సంగతి నేను సూసుకుంటా," అన్నాడు నాతో. "మగ్గం దించప్పా."