పెద్దులు పది నిమిషాలు నడిపిన మోటారు

పెద్దులు ఆ తప్పు చేసింది 1995 జూన్‌లో, ఒక శనివారం పొద్దున. దాని ఫలితంగా అతన్నైనా దేశం నుంచి పంపించేయాలి, లేదా అతని యజమాని ఖల్ఫాన్ తోటలో రెండు వందల నిమ్మచెట్లైనా ఎండిపోవాలి. రెండింటిలో ఒకటి తప్పదని మర్నాటికే మా అందరికీ తెలిసిపోయింది.

నేను అప్పుడు ఒమాన్‌లో, అల్ సువైక్ బజారులో ఒక టైపింగ్ షాపులో పనిచేసేవాణ్ణి. ఖల్ఫాన్ ఆఫీసులకు పెట్టుకున్న అర్జీలన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. అందుకే ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు.

పెద్దులుది మెట్‌పల్లి దగ్గర ఊరు. 1988లో మస్కట్ వచ్చాడు. అక్కడ హమ్రియాలో ఒకే రూములో పదకొండు మందితో సర్దుకుంటూ మూడేళ్లు సైట్లలో కాంక్రీటు మోశాడు. కంపెనీ మూతపడ్డాక ఖల్ఫాన్ తోటకు వచ్చి చేరాడు. అక్కడ బావి మీద పాత డీజిల్ ఇంజిన్ ఉండేది. స్క్రూడ్రైవరు మొన ఇంజినుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. జబ్బు ఎక్కడుందో చెప్పేసేవాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మా నాయినకు చెవుడు, ఇంట్లో వినేది నేనొక్కణ్ణే అని నవ్వేవాడు.

పనివాళ్లు అర్బాబ్, అంటే యజమాని, అని పిలిచే ఖల్ఫాన్ పాతకాలం మనిషి. ఐదు పూటలా నమాజు తప్పడు. ఇంట్లో టీవీ ఉన్నా దాని మీద గుడ్డ కప్పి ఉంచుతాడు. అలాంటివాడు ఎండతో నడిచే మోటారు తెప్పించాడంటే బజారంతా వింతగా చెప్పుకుంది. ఆయన లెక్క వేరు. భూమి తాత ఇచ్చాడు, బావి తండ్రి తవ్వించాడు, ఎండ దేవుడిచ్చాడు. నేలలో చమురుంటే తీసి అమ్ముదాం, గ్యాసుంటే మండిద్దాం, ఎండ ఉంటే నీళ్లు తోడుకుందాం. మన దగ్గర ఉన్నది పెట్టుకుని ఇంజిన్ సామాను కోసం ఓడరేవు వైపు ఎందుకు చూడాలి అనేవాడు. నిబంధనలు వద్దని ఏనాడూ అనలేదు. నిబంధనకు గడువు ఉండాలనేవాడు.

గడువు లేకనే కథ ముదిరింది. నీళ్ల ఆఫీసు వాళ్లు కరెంటు ఆఫీసు ఉత్తరం తెమ్మన్నారు. కరెంటు వాళ్లు, తీగ లేని కరెంటుతో మాకు పని లేదన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమంటే మునిసిపాలిటీ ఉత్తరం కావాలన్నారు. మునిసిపాలిటీ వాళ్లు, ఎండను పట్టే పలకలు నిలబెట్టే ఇనుప చట్రం కట్టడం కిందికి వస్తుంది కాబట్టి ముందు నీళ్ల ఆఫీసు అనుమతి చూపించమన్నారు. ఈ చుట్టు తిరగడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా డీజిల్ ఇంజిన్ బ్లాకు పగిలింది. ట్యాంకరు వారానికి ఒకసారి తెచ్చే నీళ్లు ఖర్జూరాలకు సరిపోయేవి, నిమ్మచెట్లకు చాలేవి కావు. ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి.

చివరికి నీళ్ల ఆఫీసు వాళ్లే దిగివచ్చి, ఆదివారం తనిఖీ అన్నారు. అర్జీలో ఒక షరతు ఉంది. బావిలో నీటిమట్టం కదలకుండా కొలవాలి కనుక, తనిఖీకి ముందు మోటారు నడిపితే అర్జీ రద్దు. నడపలేదని ఖల్ఫాన్ సంతకం పెట్టాడు. ఆ వాక్యం టైపు చేసింది నేనే.

ఆఫీసుకు ఆదివారం ఇంకేదో పని పడిందట. ఇంజనీరు ఒకరోజు ముందే, శనివారం పదింటికి వచ్చాడు. కాగితాలతో నేనూ ఆయన వెంట జీపులో వెళ్లాను. కుర్ర ఒమానీ, మర్యాదస్తుడు. బావి దగ్గర ఖల్ఫాన్, పెద్దులు నిలబడి ఉన్నారు. దిగీ దిగగానే ఇంజనీరు చూపు కాలువ మీద పడింది. కాలువ తడిగా ఉంది. మోటారు పక్కన కొబ్బరి చిప్పలు. పలకల చట్రానికి పసుపు బొట్లు.

నాకు సంగతి అర్థమైంది. మా వైపు కొత్త మోటారు పెడితే కొబ్బరికాయ కొట్టి, మొదటి నీళ్లు ఇంటి మనిషి చూడాలి. పెద్దులు ఇంట్లో అది మరీ పట్టింపు. అతని తండ్రి బావికి కరెంటు ఇమ్మని అర్జీ పెట్టుకుంటే ఆరేళ్లకు తీగ వచ్చింది. ఆరోజు స్విచ్చి ఒక ఆఫీసరు వేశాడు. నెల తిరక్కముందే మోటారు కాలిపోయింది. ఆ సంగతి ఇతను మరిచిపోలేదు.

నేను పెద్దులు పక్కకు జరిగి, కాలువలోవి ట్యాంకరు నీళ్లని చెప్పమన్నాను. ట్యాంకరు గురువారం రావడం నిజమే.

పెద్దులు నా మొహం చూడలేదు. "బాయి ముంగట్నే నిలవడి అబద్దమెట్ల ఆడాలె సారూ?" అన్నాడు.

ఇంజనీరు వైపు తిరిగి, వచ్చీరాని హిందీలో అంతా చెప్పేశాడు. పొద్దున ఎండ రాగానే నడిపానని, పది నిమిషాలేనని, అర్బాబ్ బజారుకు పోయినప్పుడని, ఆయనకు తెలియదని.

ఖల్ఫాన్ చేతిలో జపమాల ఆగిపోయింది. ఇంజనీరు చాలాసేపు రాసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ముగ్గురినీ నీళ్ల ఆఫీసుకు పిలిచారు. అక్కడి ముదీర్, అంటే పెద్ద అధికారి, దుర్మార్గుడేమీ కాదు. ఖల్ఫాన్‌కు టీ పోయించి దారి చూపించాడు. పనివాడు యజమానికి తెలియకుండా నడిపాడని ఒక కాగితం రాసివ్వండి, అతని వీసా రద్దు చేయించండి, అప్పుడు మీ సంతకం అబద్ధం కాదు, బుధవారానికి అనుమతి ఇస్తాను అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే నాకు భయం వేసింది. పెద్దులు తలుపు దగ్గర నిలబడి చెప్పుల వైపు చూస్తున్నాడు. ఇంటి దగ్గర అతని భార్య సత్తవ్వ, ఇద్దరు పిల్లలు.

ఆ కాగితం కోసం ముదీర్ నన్ను ఆఫీసు టైపు మిషను ముందు కూర్చోబెట్టాడు. ఖల్ఫాన్ చెబితే కొట్టాలి.

ఆయన టీ పూర్తిగా తాగాడు. తర్వాత, "నా తోటలో ఇతని చెయ్యి చేసింది నా చెయ్యి చేసినట్టే. నేను నడిపానని రాయండి" అన్నాడు.

ముదీర్ నచ్చజెప్పబోయాడు. ఖల్ఫాన్ గొంతు పెంచకుండానే ఇంకో మాట అడిగాడు. మోటారు పది నిమిషాలు నడిచిందని రాస్తున్న కాగితంలోనే, నేను మీ గుమ్మం మొదట ఎక్కిన తేదీ కూడా రాయండి, రెండూ ఒకే కాగితంలో ఉండాలి అన్నాడు. పక్కన కూర్చుని రాస్తున్న ఇంజనీరు తల దించుకుని ఆ తేదీ కూడా రాశాడు. అర్జీ రద్దయింది.

పికప్‌లో తిరిగి వచ్చాం. తోటలో దిగగానే పెద్దులు తన పాత లుంగీ తెచ్చి పీలికలుగా చింపాడు. ఉన్న నీళ్లు నిమ్మచెట్లలో సగానికి పోస్తేనే ఆ సగమైనా నిలుస్తుంది. వదిలేయాల్సిన చెట్లకు ఒక్కొక్క పీలిక కట్టుకుంటూ పోయాడు. నాటింది అతనే కాబట్టి ఏ చెట్టు వేరు ఎంత లోతో అతనికి తెలుసు. కొన్నిటి దగ్గర కట్టి, మళ్లీ విప్పి, పక్క చెట్టుకు కట్టాడు. ఖల్ఫాన్ కాసేపు చూసి, అతని చేతిలోంచి కొన్ని పీలికలు తీసుకుని రెండో వరుసలోకి వెళ్లాడు.

కొత్త అర్జీకి అనుమతి ముప్పై ఏడో రోజున వచ్చింది. బహుశా ఆ కుర్ర ఇంజనీరే దాన్ని ముందుకు తోసుంటాడు. అప్పటికి తొంభై నాలుగు చెట్లు మిగిలాయి.

ఆ ఏడాదంతా ఖల్ఫాన్ పై అధికారులకు ఉత్తరాలు రాయించాడు. సొంత నేల మీద, సొంత ఎండతో నడిచే చిన్న మోటారుకు ఒకే ఆఫీసు చాలు. ముప్పై రోజుల్లో కాదనకపోతే అవునన్నట్టే. తప్పు జరిగితే తర్వాత శిక్షించండి. ఉత్తరంలో ఇంతకు మించి ఉండేది కాదు. మొదటిది టైపు చేస్తున్నప్పుడు పెద్దులు షాపులోనే ఉన్నాడు. ఎండిపోయిన చెట్ల సంఖ్య మొదటి వాక్యంలోనే పెట్టానని చదివి వినిపించాను. అతను ఒప్పుకోలేదు.

"నేను మోటరు నడిపింది గూడ రాయున్రి సారూ. అది దాస్తె వాల్లు మిగిలింది నమ్మరు."

కాగితం తీసి కొత్తది ఎక్కించాను.